వీడియోకు వ్యాసంలో చోటు కల్పించే పని

జీబ్రాఫిష్ పిండంలో కణాలు ఎటు నుంచి ఎటు జరుగుతున్నాయో చూపడానికి బొమ్మ చాలదు. మైక్రోస్కోపు కింద గంటల తరబడి తీసిన దృశ్యాన్ని నిమిషానికి కుదించి, వీడియోగా వ్యాసానికి జతచేస్తారు పరిశోధకులు. కొలతలున్న ఎక్సెల్ పట్టిక, లెక్కలు కట్టిన ప్రోగ్రాం కూడా వెంట పంపుతారు. చదివేవాళ్లకు అదంతా ఒకే వ్యాసం. ప్రచురణకర్త చేతికి వచ్చేది మాత్రం విడివిడి ఫైళ్ల మూట. ఆ మూటను ఒక్క రచనగా నిలబెట్టేది జాట్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల పద్ధతి. వీడియోలకూ అనుబంధ ఫైళ్లకూ అందులో చేసిన ఏర్పాటు నిదానంగా విప్పి చూడదగ్గ పనితనం.

జాట్స్ అంటే జర్నల్ ఆర్టికల్ ట్యాగ్ సూట్. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 2000లో పబ్‌మెడ్ సెంట్రల్ ఆర్కైవ్‌ను ప్రారంభించింది. తలో తీరుగా వచ్చే వ్యాసాలన్నిటినీ ఒకే రూపంలో దాచాల్సిన అవసరం అక్కడ పుట్టింది. అందుకోసం 2003లో తెచ్చిన ట్యాగుల వ్యవస్థే 2012లో నైసో అనే ప్రమాణాల సంస్థ ఆమోదించిన ప్రమాణమై జాట్స్ పేరుతో స్థిరపడింది. చెన్నై, పుదుచ్చేరి వంటి ఊళ్లలోని టైప్‌సెట్టింగ్ సంస్థల్లో ఎందరికో ఈ ట్యాగులు రోజువారీ పని.

మొదట గమనించాల్సింది, వీడియో ఎక్స్‌ఎంఎల్ లోపల ఉండదు. అక్కడ ఉండేది ‘మీడియా’ అనే చిన్న ట్యాగు. దానికి మూడు ముఖ్యమైన వివరాలు తగిలిస్తారు. ‘హెచ్‌రెఫ్’ ఫైలు పేరు చెబుతుంది. ‘మైమ్‌టైప్’ అది ఏ జాతిదో చెబుతుంది: వీడియోనా, ఆడియోనా, అప్లికేషనా. ‘మైమ్-సబ్‌టైప్’ ఆ జాతిలో ఏ రకమో చెబుతుంది: ఎంపీ4 లాంటిది. జాతినీ రకాన్నీ ఇలా విడదీయడంలో ముందుచూపు ఉంది. ఆ రకం ఎన్నడూ వినని యంత్రం కూడా కనీసం ఇది వీడియో అని గ్రహించి, దానికి తగ్గ చోటు కేటాయించగలదు. ‘పొజిషన్’ అనే మరో వివరం ఆ చోటు సంగతి చూస్తుంది. ‘ఫ్లోట్’ అంటే పేజీ వీలును బట్టి పైకో కిందికో జరపవచ్చు. ‘యాంకర్’ అంటే వాక్యాల మధ్య ఉన్నచోటు నుంచి కదపకూడదు.

ఇక ట్యాగు లోపలికి వెళ్దాం. ‘లేబుల్’లో ‘వీడియో 1’ అన్న పిలుపు ఉంటుంది. ‘క్యాప్షన్’లో శీర్షిక, దాని కింద వివరణ: ఏ జీవి, ఎంత వేగంతో చూపిస్తున్నారు, కొలత చూపే గీత పొడవు ఎన్ని మైక్రాన్లు. ఇవి అందరికీ కనబడేవి. చూపు లేని పాఠకుల కోసం ‘ఆల్ట్-టెక్స్ట్’ ఉంది. వీడియోలో ఏముందో అది క్లుప్తంగా చెబుతుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకుంటుంది. ఒక్క వాక్యంలో ఇమడనిదైతే ‘లాంగ్-డెస్క్’ వాడతారు. క్యాప్షన్‌నే ఆల్ట్-టెక్స్ట్‌లో మళ్లీ దింపితే వినేవారికి కొత్తగా అందేది ఏమీ ఉండదు. క్యాప్షన్ వీడియో గురించి చెబుతుంది, ఆల్ట్-టెక్స్ట్ వీడియోలో కనబడేది చెబుతుంది. ఈ తేడా ఎరిగి రాసిన రెండు వాక్యాల్లో మంచి పనివాడి చెయ్యి తెలిసిపోతుంది.

ఇప్పుడు ముడి వేయాలి. ప్రతి మీడియా ట్యాగుకూ వ్యాసంలో మరెక్కడా రాని ఒక ‘ఐడీ’ ఇస్తారు. ‘కణాలు ఎడమకు మళ్లాయి (వీడియో 1)’ అన్న వాక్యంలో ఆ బ్రాకెట్లోని మాటలను ‘ఎక్స్‌రెఫ్’ ట్యాగులో పెట్టి, ఆ ఐడీని దానికి చెబుతారు. వాదన ఎక్కడ ఉందో సాక్ష్యం అక్కడికి అందుతుంది. లేని ఐడీని చూపిస్తే తనిఖీ చేసే పార్సర్ అక్కడికక్కడే తప్పు పడుతుంది.

అనుబంధ ఫైళ్లకు ‘సప్లిమెంటరీ-మెటీరియల్’ అనే వేరే ట్యాగు ఉంది. పబ్‌మెడ్ సెంట్రల్‌కు వెళ్లే వ్యాసాల్లో ఇది రెండు పొరలుగా ఉంటుంది. బయటి పొర ఐడీని, లేబుల్‌ను, క్యాప్షన్‌ను మోస్తుంది. లోపల మీడియా ట్యాగు ఫైలును చూపిస్తుంది. ఈ వస్తువు వ్యాసానికి ఏమవుతుంది అన్నది ఒక పొర, అది ఏ ఫైలు అన్నది ఇంకో పొర.

ఒక వీడియోకు ఈ రెండు ట్యాగుల్లో ఏది వేయాలి? ఇక్కడే అసలైన విచక్షణ కావాలి. వీడియో చూడకపోతే వ్యాసం తేల్చిన విషయం అర్థం కాదనుకోండి, అది వ్యాసంలో భాగం. నేరుగా మీడియా ట్యాగుతో పాఠం మధ్యలోనే నిలవాలి. చూస్తే అవగాహన పెరుగుతుంది, చూడకపోయినా వాదన చెడదు అనుకుంటే అనుబంధం. నైసో, ఎన్‌ఫెయిస్ సంస్థలు కలిసి 2013లో ఇచ్చిన సిఫార్సులు కూడా విడదీయరాని భాగాన్నీ అదనపు సామగ్రినీ ఇలాగే వేరుచేశాయి. ఫైలు ఎంత పెద్దది, ఏ ఫార్మాట్ అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. వాదనకు దాని అవసరమే కొలబద్ద. అంటే సంపాదకుల తీర్పు ఒక ట్యాగు పేరుగా నమోదవుతుంది.

ఒకే వీడియో రెండు ఫార్మాట్లలో ఉంటే రెండిటినీ ‘ఆల్టర్నేటివ్స్’ అనే ట్యాగులో చేరుస్తారు. పాఠకుడి పరికరానికి ఏది తగితే దాన్ని చూపించవచ్చు. దీనికి ఒక్కటే నియమం: లోపలివన్నీ ఒకే విషయానికి వేర్వేరు రూపాలు కావాలి. ముందు తీసిన వీడియో, తర్వాత తీసిన వీడియో ఇందులో కూర్చోకూడదు. అవి రెండు సాక్ష్యాలు.

పార్సర్ ఐడీలను సరిచూస్తుంది గానీ ఫైలు పేరు జోలికి పోదు. ఆ పేరులో ఒక్క ఇంగ్లిష్ అక్షరం క్యాపిటల్‌లో ఉండాల్సింది స్మాల్‌లో పడినా ఎక్స్‌ఎంఎల్ సక్రమంగానే కనబడుతుంది, వీడియో మాత్రం తెరుచుకోదు. అందుకే స్కీమాట్రాన్ అనే తనిఖీ భాషలో రాసిన నియమాలతోనూ చిన్న ప్రోగ్రాంలతోనూ మరో విడత జల్లెడ పడతారు. మూటలో ఉన్న ఫైళ్లు, ట్యాగుల్లో ఉన్న పేర్లు ఒకదానికొకటి సరిపోవాలి. ఆ తర్వాత కూడా ‘వీడియో 2’ క్యాప్షన్ నిజంగా ఆ వీడియోదేనా అన్నది తెరిచి చూసిన మనిషే చెప్పగలడు.

ఇదంతా కలిపి చూస్తే ఆ ఏర్పాటు తెలివి బోధపడుతుంది. పేరు, జాతి, వివరణ, సంబంధం దేనికది విడిగా ఉన్నాయి. రేపు ఎంపీ4ను ఆడించే సాధనాలు లేకుండా పోతే ఆర్కైవ్ ఆ ఫైలును కొత్త రూపంలోకి మార్చి, ఫైలు పేరునూ రకాన్నీ దిద్దుకుంటే చాలు. లేబుల్, క్యాప్షన్, ఐడీ, దాన్ని పిలిచే వాక్యం ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఫైలు మారినా, వాక్యానికీ దాని సాక్ష్యానికీ మధ్య ముడి తెగదు. శాస్త్రం నిలబడేది ఆ ముడి మీదే.