ఆదిత్యహృదయము - చింతాశబ్ద విచారము

శ్రీమద్రామాయణ యుద్ధకాండమందలి ఆదిత్యహృదయము తెలుఁగునాఁట నిత్యపారాయణమునం దున్న స్తోత్రము. ఆపదలయందును రోగములయందును దీనినిఁ బఠించువారు పెక్కండ్రు గలరు. అయినను ఇది మొదట యుద్ధభూమిలో, శత్రువు ఎదుట నిలిచియుండఁగా, అలసిన యొక యోధున కుపదేశింపఁబడినదను సంగతి పఠించువారిలోఁ గొందఱికే స్ఫురించును. యుద్ధమధ్యమున భక్తి మనుష్యునకు ఒసఁగున దేమి? జయమా, శాంతియా? ఈ ప్రశ్నకు సమాధానము స్తోత్రమునందుఁ గంటె దానికి ముందు వెనుకల నున్న కథాశ్లోకములందే తేటగా నున్నది. కావున ఆ శ్లోకముల యన్వయము విచారింపఁదగి యున్నది.

సందర్భ మిది. రావణుని శక్తిఘాతమున లక్ష్మణుఁడు పడెను. తమ్ముఁడు లేనిచో యుద్ధముతోఁ గాని రాజ్యముతోఁ గాని పనిలేదని రాముఁడు విలపించెను. హనుమంతుఁడు ఓషధిపర్వతమును దెచ్చుటచే లక్ష్మణుఁడు బ్రతికెను. పిమ్మట ఇంద్రుఁడు మాతలితో రథమును బంపెను. పోరున రావణుఁడు నిశ్చేష్టుఁడు కాఁగా సారథి రథమును దొలఁగించెను. రావణుఁడు తెలివొంది, సారథిని నిందించి, మరల రణమునకు వచ్చెను. దేవతలతోఁ గూడి యుద్ధమును జూడవచ్చిన అగస్త్యుఁడు అప్పుడు రాముని సమీపించెను.

ఉపక్రమశ్లోకమున యుద్ధపరిశ్రాంతుఁ డనియు, చింతతో నిలిచినవాఁ డనియు రెండు విశేషణములు ద్వితీయావిభక్తిలో నున్నవి. రావణపదమును ద్వితీయాంతమే; అదియు నా శ్లోకముననే యున్నది. రామపదము మఱుసటి శ్లోకమునఁ గాని రాదు. ఇందువలనఁ గొందఱు సన్నిధిని బట్టి యీ విశేషణములను రావణునికే యన్వయింతురు. వారి శంక వ్యాకరణముతోనే ముగియదు. రాముఁడు పరమాత్మ, పరమాత్మకు అలసట యేమి, చింత యేమి యని వారి భావము.

ఈ యన్వయము నిలువదు. మొదటి హేతువు రావణపదమునకుఁ బిదప నున్న చకారము. అది సముచ్చయార్థకము. పరిశ్రాంతుఁ డొకఁడును, ఎదుట నున్న రావణుఁడు వేఱొకఁడును అయినప్పుడే సముచ్చయము సార్థకము. ఇరువురు నొక్కఁడే యైనచో చకారము పాదపూరణమాత్రమై పోవును. సార్థకత సంభవించుచుండఁగా నిరర్థకత నంగీకరించుట న్యాయము గాదు. రెండవ హేతువు యోగ్యత. రావణుఁడు అప్పుడే సారథిపైఁ గోపించి, యుద్ధమునకు సన్నద్ధుఁడై వచ్చినవాఁడు. అట్టివానిని అదే వాక్యమునఁ జింతతో నిలిచినవాఁ డనుట పొసఁగదు. మూఁడవది ఉపసంహారము. సర్గాంతమున రాముఁడు నష్టశోకుఁ డయ్యెనని కవి చెప్పెను. నష్టమైన శోకము గలవాఁడని బహువ్రీహి. ఉన్నదే నశించును గాని లేనిది నశింపదు. శోకము రామునిదైనప్పుడు ఉపక్రమమందలి చింతయు రామునిదే కావలెను. ఉపక్రమోపసంహారముల యైకరూప్యము తాత్పర్యనిర్ణయమునఁ బ్రథమలింగమని మీమాంసకుల మతము.

పరమాత్మత్వమునకు దీనివలన హాని లేదు. తాను దశరథపుత్రుఁడైన మనుష్యుఁడ ననియే తలఁచుచున్నట్లు రావణవధానంతరము రాముఁడే దేవతలతోఁ బలికెను. పైఁగా రామునినుండి చింతను దొలఁగించినచో స్తోత్రోపదేశమే నిష్ప్రయోజన మగును. అది ఆఁకలి లేనివానికి అన్నము పెట్టినట్లుండును.

ఇఁక చింతాశబ్దమునందలి తృతీయ. దానిని ఇత్థంభూతలక్షణముగాఁ గొన్నచో, చింత నిలిచినవానిని గుర్తించుటకు చిహ్నమాత్ర మగును. హేత్వర్థమునఁ గొన్నచో, చింతవలన నిలిచిపోయెనని యర్థము. రెండవదియే సరసము. అలసట శరీరమును గుంగఁదీయును. చింత చేతిలోని వింటిని నిలిపివేయును. రామునికి అప్పటి యాపద యా నిలుకడయే.

అరణ్యకాండమున ధనుస్సును, అక్షయతూణీరములను, ఖడ్గమును ఇచ్చిన అగస్త్యుఁడే యిచట స్తోత్రము నొక్కదానిని ఇచ్చెను. అది శత్రువినాశన మని చెప్పుచునే చింతాశోకములను శమింపఁజేయున దనియుఁ జెప్పెను. నామములను బరిశీలించినచో సూర్యుఁ డొక పక్షమున నిలిచి పోరు దేవతగాఁ గానరాఁడు. ఆయన యెండ కాయువాఁడు, వాన కురియించువాఁడు, సర్వదేవతాస్వరూపుఁడు, నిద్రించు భూతములయందు మేల్కొనియుండువాఁడు. లంకపై నుదయించువాఁడును వానరసేనపై నుదయించువాఁడును ఒక్కఁడే. రాముఁడు ముమ్మాఱు ఆచమించి, సూర్యునిఁ జూచుచు జపించి, హర్షమును బొంది, విల్లు చేపట్టెను. అప్పుడు సూర్యుఁడు పలికినది త్వరపడుమను మాట యొక్కటియే. దేవత తాను బాణము వేయలేదు. యోధుని నిలుకడను విడిపించెను.

ఇచట నొక యాక్షేపము గలదు. ఈ క్షణముననే రావణునిఁ జంపుదువని అగస్త్యుఁడు చెప్పెను. పిదపనో, యుద్ధము రాత్రి గాని పగలు గాని క్షణమైనను విరామము లేక సాగెను. త్రెంచిన తల స్థానమున వేఱొక తల మొలచుచుండెను. మారీచఖరాదులను గూల్చిన బాణములు ఇతనియందేల మొక్కవోయెనని రాముఁడు మరలఁ జింతించెను. కడపట మాతలి గుర్తుచేసినఁ గాని బ్రహ్మాస్త్రప్రయోగము జరుగలేదు. అట్లయిన స్తోత్రఫల మేమి? క్షణశబ్దమునకు ఉత్సవాద్యర్థములు కోశములందుఁ గలవని చెప్పి తప్పించుకొనవచ్చును గాని, అది క్లిష్టకల్పన. సమాధానము కవివాక్యమునందే యున్నది. రెండవమాఱు చింతించిన రాముని, చింతాపరుఁ డయ్యును యుద్ధమున అప్రమత్తుఁడుగా నుండెనని కవి వర్ణించి, వెంటనే బాణవర్షమును బేర్కొనెను. మొదటఁ జింతచే నిలిచెను. పిదపఁ జింత యుండియు నిలువలేదు. భేద మిదియే, స్తోత్రఫలమును ఇదియే. మేల్కొనియుండు దైవమును గొలిచినవాఁడు మెలఁకువ గలవాఁ డయ్యెను.

ఈ సర్గ కొన్ని ముద్రణములలో 105వది, కొన్నిటిలో 107వది. బరోడా ప్రాచ్యవిద్యామందిరమువారు 1971లో వెలువరించిన యుద్ధకాండ సంశోధితపాఠమున ఇది మూలమునఁ జేరక యనుబంధమునకుఁ బోయినది. దీనిని విడిచినను కథ తెగదనుట సత్యమే. భారతమున భీష్మపర్వమందలి అర్జునకృత దుర్గాస్తోత్రమునకును పూనా భండార్కర్ సంస్థవారి సంశోధితప్రతిలో నదే గతి పట్టినది. అయినను రెండింటికిని భేదము గలదు. అచట దేవి జయము కలుగునని పలికిన యనతికాలముననే, గీతారంభమున, అర్జునుఁడు విషణ్ణుఁడై విల్లు విడుచును. జయాశ్వాసము ఆ శోకమునకు మందు కాలేదు. ఏలయన అర్జునుని శోకము ఓటమిని గూర్చినది కాదు. కావున నచట స్తోత్రము కథతోఁ బొత్తు కుదురక యున్నది. రామాయణమునందో, స్తోత్రము శోకమునకుఁ దగిన తావున నిలిచినది. ఇది ప్రక్షేపమే యైనచో, ప్రక్షేపించినవాఁడు రాముని యలసటను జక్కగాఁ జదివినవాఁడని యొప్పుకొనవలెను.

యుద్ధములు నేఁటికిని లోకమున శమింపలేదు. ఇరుపక్షములవారును దమతమ దైవములను జయమే వేఁడుచుందురు. జయము ఇరువురకును దక్కునది కాదు. మెలఁకువతోఁ గూడిన శాంతి వేఁడినవారి కెల్లరకును దక్కవచ్చును. ఆదిత్యహృదయమును బోధించు పండితులు ఫలశ్రుతితోనే విడువక, ఉపక్రమమందలి చింతను, సర్గాంతమందలి శోకనాశమును, పిదపటి యప్రమత్తతను వరుసగాఁ జూపుట మేలు. అట్లు చూపనిచో, విశ్వాసమునఁ గలుగు శాంతి యనఁగా మరల నెన్నఁడును జింత కలుగకుండుట యని విద్యార్థులు పొరపడుదురు. మొదటి చింతతోడనే వారి విశ్వాసమును సడలును. చింత మరల వచ్చినను రాముని చేయి బాణము విడుచుట మానలేదని కథ చెప్పుచున్నది.