సీసాలోకి ఎక్కిన పుప్పొడి

ఆళ్లగడ్డ దాటి అహోబిలం చేరితే నల్లమల ఎదురవుతుంది. ఆ అడవిలో చెంచులు తాడు కట్టుకొని కొండచరియల మీదికి దిగి తేనెపట్టు కోస్తారు. పైన తాడు పట్టేది బావమరిదే అన్నది పాత ఆనవాయితీ. పట్టులో తేనె ఒక్కటే ఉండదు, పిల్లపురుగులూ పుప్పొడి నిండిన గదులూ ఉంటాయి. వాటిని అక్కడికక్కడే తినేస్తే దాచే బెంగ లేదు.

పైగా పట్టులోని పుప్పొడి అప్పటికే పులిసినది. తేనెటీగ దానికి ఉమ్మి, తేనె కలిపి గదిలో కుక్కుతుంది. తేనె, పులుపు రెండింటి వల్లా అది నిలవ ఉంటుంది.

సీసాల్లో అమ్మే రంగురంగుల పుప్పొడి పలుకుల సంగతి వేరు. తేనెటీగల పెట్టె వాకిట్లో సన్నని రంధ్రాల పలక పెడతారు. ఈగ దూరేటప్పుడు వెనక కాళ్లకున్న ముద్దలు రాలి కింది పళ్లెంలో పడతాయి. ఇంకా పులియని ఈ పచ్చి పుప్పొడిలో 20 నుంచి 30 శాతం దాకా నీరుంటుంది, వేడికి తొందరగా బూజు పడుతుంది. అందుకే రోజూ తీసి, 40 డిగ్రీలు మించని వేడిలో, తేమ 6–8 శాతానికి దిగేదాకా ఆరబెట్టాలి. మే నెలలో నంద్యాల మిద్దె మీద వడియాలకు పనికొచ్చే ఎండ దీనికి పనికిరాదు. రంగు వెలిసిపోతుంది, విటమిన్లు తగ్గుతాయి, దుమ్ము చేరుతుంది.

ఇంట్లో అయితే చిన్న సీసా కొనడమే మేలు. బిగుతు మూత, ఫ్రిజ్, పొడి చెంచా తప్పనిసరి. ఆరబెట్టని పుప్పొడి ఫ్రీజర్‌లోనే ఉండాలి. ముక్క వాసన వచ్చినా, బూజు దారాలు కనిపించినా మొత్తం పారేయాలి. పైపొర తీసి మిగతాది తినడం ప్రమాదం.

అంతకన్నా పెద్ద జాగ్రత్త ఎలర్జీ. వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం మొక్కలు, నంద్యాల చుట్టూ రెండూ ఉన్నాయి. వయ్యారిభామ గాలికే తుమ్ములు, దద్దుర్లు వచ్చేవారు, ఉబ్బసం ఉన్నవారు పుప్పొడి జోలికి పోకపోవడమే మంచిది. గర్భిణులు, రక్తం పలచబడే మందు వాడేవారు డాక్టర్‌ను అడగాలి. పసిపిల్లలకు అసలే వద్దు. మిగతావారు ఒకటి రెండు పలుకులతో మొదలుపెట్టాలి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎంత బలమైన ఆహారమని చెప్పినా, మందు పేరుతో అమ్మేవారిని నమ్మనక్కర్లేదు.

కొనేముందు తేనెటీగల పెంపకందారును రెండు ప్రశ్నలు అడగాలి. పెట్టెల చుట్టూ ఏ పైరుంది, దానికి ఏ మందు కొట్టారు? పత్తి, మిరప చేలల్లో కొట్టిన మందు పుప్పొడిలో చేరితే కడిగి పోగొట్టలేం. రెండోది, పలక ఎన్నాళ్లు పెడుతున్నారు? తేనెటీగ పిల్లలకు మాంసకృత్తులు అందేది పుప్పొడి నుంచే, అదంతా లాగేస్తే పట్టు నీరసిస్తుంది. మధ్యమధ్య పలక తీసి పుప్పొడిని ఈగలకే వదిలేసే రైతు దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా కొనవచ్చు.