ఆరు గ్రాముల అబద్ధం

నా బల్ల మీద పదకొండు సెంటీమీటర్ల చేప ఒకటి పడుకుని ఉంది. నల్లటి వీపు, వెండి పక్కలు, దవడ కింద గోరంత పెదవి, పొట్ట కింద మూడేసి ముళ్ళ గాలాలు. చేతిలోకి తీసుకుంటే ఉన్నట్టే తెలియదు. బరువు 6 గ్రాములు. దాన్ని పట్టుకున్నప్పుడల్లా మా పెదనాన్న చెరువుగట్టు మీద గాలానికి కట్టుకునే జీలుగు బెండు గుర్తొస్తుంది. ఆ బెండు నీటి మీద నిలబడి, కింద ఏం జరుగుతోందో మనిషికి చెప్పేది. ఈ బెండు నీళ్ళలోకి దిగి చేపకి అబద్ధం చెబుతుంది.

దీని పేరు రాపాలా. లౌరీ రాపాలా అనే ఫిన్లాండ్ జాలరి చెక్కిన బొమ్మ ఎర. పొడుగాటి తాడుకి వేలాడే వందల గాలాలకి ఒక్కొక్క చిన్న చేపనీ గుచ్చుతూ పోవడం ఆయన రోజువారీ చాకిరీ. పడవలో కూర్చుని నీళ్ళలోకి చూస్తుండగా ఒక సంగతి కంటపడింది. పెద్ద చేప చిన్న చేపల మంద మీదికి ఉరికినప్పుడు నోటికందినదాన్నల్లా పట్టదు. కాస్త ఒరిగి, తూలుతూ పోయేదాన్ని ఏరి పట్టుకుంటుంది. 1936లో ఆయన కార్క్ ముక్కని చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, దానికి చాక్లెట్ చుట్టొచ్చే వెండి కాగితం తొడిగాడు. వార్నీషు కొనే స్తోమత లేక ఫోటో నెగటివ్‌లు కరిగించి పైపూత వేశాడని ఆ కంపెనీ ఇప్పటికీ చెప్పుకునే కథ.

కొండపల్లి బొమ్మని చూసి అచ్చం ఏనుగే అంటాం, అచ్చం దాసరే అంటాం. ఈ బొమ్మని అలా మెచ్చుకోవడానికి లేదు. చేప పోలిక అంతంతమాత్రం. ఏ చేపకైనా ఇంతకన్నా మంచి రెక్కలుంటాయి. పోలిక ఉన్నదల్లా నడకలో. అదీ ఒంట్లో బాగాలేని చేప నడక. ఆరోగ్యాన్ని చెక్కిన శిల్పులని చాలామందిని చూశాం. ఇంత కొలతగా అనారోగ్యాన్ని చెక్కినవాడు నాకు తెలిసి ఈయనే.

ఆ నడక ఎలా వస్తుందో చెప్పాలి. దారం లాగినప్పుడు నీళ్ళు వచ్చి పెదవికి కొట్టుకుంటాయి. పెదవి అంచుల దగ్గర ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు సుడి పుడుతుంది. సుడి పుట్టిన వైపుకి తల వాలుతుంది, తోక ఎదురు తిరుగుతుంది. పొట్టలో కిందికి దాచిన చిన్న బరువు బొమ్మని మళ్ళీ నిలబెడుతుంది. ఒళ్ళు తేలికైనకొద్దీ ఈ ఒరగడం, నిలబడడం చురుగ్గా జరుగుతాయి. అందుకే కార్క్ పోయి బాల్సా వచ్చింది. బాల్సా మన బూరుగుకి దగ్గరి చుట్టం. నీటి బరువులో ఆరో వంతు కూడా ఉండదనిపించే ముక్కలు దొరుకుతాయి. పెదవి ఒంటికి తిన్నగా ఉంటే బొమ్మ లోతుకి దిగుతుంది, నిటారుగా ఉంటే పైపైనే తిరుగుతుంది. పెదవి వాలు రవ్వంత మారితే చేప వేరు, రోగం వేరు.

ప్రతి రాపాలానీ నీళ్ళ తొట్టిలో లాగి చూశాకే డబ్బాలో పెడతామని కంపెనీ అంటుంది. అయినా ఓ పెద్ద చేప నమిలి వదిలాక బొమ్మ ఒకవైపుకి లాగేస్తుంది. అప్పుడు చిన్న పట్టకారుతో ముక్కు దగ్గరి తీగ కన్నాన్ని, ఎటు నడవాలో అటు, వెంట్రుకవాసి వంచాలి. నేను మొదటిసారి వంచింది వెంట్రుకవాసి కాదు. ఆ బొమ్మ ఇప్పుడు మా ఇంట్లో తాళంచెవులకి వేలాడుతోంది.

టెక్సస్‌లోని డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర కారు నడిపితే నేను ఈ బొమ్మలు విసిరే లేక్ ఫోర్క్. 1980లో కట్టిన జలాశయం. ముంపులోని చెట్లని చాలాచోట్ల కొట్టకుండా వదిలేశారు, వాటి మొండేలు ఇంకా నీళ్ళలో నిలబడే ఉన్నాయి. చుట్టుపక్కల ఉండే తెలుగు కుర్రాళ్ళు వారాంతాల్లో అక్కడికి పోతుంటారు, నేను కూడా వాళ్ళ వెంట పడి వెళ్ళినవాడినే. అక్కడ అందరి నోటా రెండు పేర్లే. పెద్దనోటి బాస్, క్రాపీ. రెండూ ఒకే కుటుంబం చేపలు, అయినా గుణాలు వేరు. బాస్ చెట్టు చాటున కాచుకుని మీద పడే రకం. క్రాపీ గుంపుగా నీళ్ళలో వేలాడుతూ, పైకి చూస్తూ మేసే రకం. రెండింటికీ రుతువుని బట్టి బొమ్మ మారాలి. రుతువు అంటే నీటి వెచ్చదనమే. ఆ వెచ్చదనాన్ని బట్టి చిన్న చేపలకి ఏ జబ్బు వస్తుందో, ఏది ఎలా తూలుతుందో ఆలోచించడమే ఎర ఎంపిక.

నాకు చలికాలం ఎర అంటే ప్రాణం. టెక్సస్ జలాశయాల్లో బాస్‌కి ముఖ్యమైన మేత థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే వెండి చేప. చలికి అసలు ఆగదు. నీళ్ళు 10 డిగ్రీల కిందికి పోతుంటే నీరసించిపోతుంది, ఇంకా చల్లబడితే చచ్చి తేలుతుంది. చచ్చే ముందు రెండుసార్లు కొట్టుకుని, ఉన్నచోటే ఆగిపోతుంది. కాసేపాగి మళ్ళీ కొట్టుకుంటుంది. ఆ ఆగిపోవడాన్ని చెక్కినవాళ్ళ పనితనం చూడండి. జెర్క్‌బెయిట్ అనే ఈ సన్నటి బొమ్మ పైకి తేలకూడదు, కిందికి మునగకూడదు, లాగడం ఆపిన చోటే త్రిశంకుడిలా ఉండిపోవాలి. చల్లటి నీళ్ళు వెచ్చటి నీళ్ళకన్నా కాస్త బరువు. ఈ నీళ్ళలో కదలక నిలిచిన బొమ్మ రేపు ఇంకాస్త చల్లటి నీళ్ళలో మెల్లగా పైకి లేస్తుంది. అందుకని చేయి తిరిగినవాళ్ళు పొట్ట మీద బొట్టుబిళ్ళంత సీసం రేకు అంటిస్తారు, లేదా ఒక గాలం తీసి ఇంకాస్త మందపాటి గాలం తగిలిస్తారు. ఒడ్డున నీళ్ళలో దించి చూస్తారు, మళ్ళీ కత్తిరిస్తారు. బంగారం తూచే కంసాలి దగ్గర తప్ప ఇంత ఓపిక నేను చూడలేదు. ఆపైన రెండు కుదుపులు, పది లెక్కపెట్టేదాకా మౌనం. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే పది దాకా లెక్కపెట్టడం చెప్పినంత తేలిక కాదు.

ఫిబ్రవరి నెల చివర్లో బాస్ లోతు వదిలి నాచు దుబ్బుల అంచులకి వస్తుంది. అప్పటి ఎరకి పెదవి ఉండదు, కడుపులో గుళ్ళుంటాయి. బిల్ లూయిస్ 1960లలో తయారుచేసిన ర్యాటిల్ ట్రాప్ ఆ జాతి. ఎర్రటి రంగు వేస్తే క్రేఫిష్, అంటే మంచినీటి రొయ్యకి అన్నలాంటి ప్రాణి. నాచులో ఇరుక్కున్నాక ఒక్క ఊపున పీకితే గలగలమంటూ విడిపోతుంది, ఆ క్షణంలోనే దెబ్బ పడుతుంది. మోటు పనిముట్టే, మోటుగానే పనిచేస్తుంది.

నీళ్ళు 16 నుంచి 20 డిగ్రీల మధ్యకి వచ్చాక గుడ్ల కాలం. మగ బాస్ తోకతో ఊడ్చి గూడు చేసి, గుడ్లకీ పిల్లలకీ కాపలా కాస్తుంది. మన కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపు కింద కాచుకున్నట్టే. అప్పుడు దానికి ఆకలి లేదు, కోపముంది. గూట్లోకి జారిపడే రబ్బరు బల్లి దానికి తిండి కాదు, దొంగ. ఇది కూడా ఎర కిందకే వస్తుందా అని నాకు సందేహం. పిల్లల కాపలాదారుని పట్టడం మా పెదనాన్న తప్పుగానే చూసేవాడు. ఇక్కడివాళ్ళు చాలామంది పట్టి, తూచి, వదిలేస్తారు.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను. బాస్ పగలంతా లోతుకి పోతుంది. చీకటి విడకముందు పైనీళ్ళలో కప్ప బొమ్మ, ఆ తర్వాత అడుగున వానపాము. ఈ మెత్తటి ప్లాస్టిక్ వానపాముని నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో ఒహాయోలోని ఏక్రన్‌లో, ఇంటి వంటింట్లో ఉడికించి పోత పోశాడు. తర్వాత మకాం మార్చింది లేక్ ఫోర్క్‌కి దగ్గర్లోని టైలర్ ఊరికే. గాలం మొనని పాము ఒంట్లోకే దాచేసి, ముందు తూటాలాంటి సీసం జారేలా కడితే మోడుల మధ్య ఎక్కడా తగులుకోదు. ఆ కట్టుని అందరూ టెక్సస్ రిగ్ అనే పిలుస్తారు.

ఆకురాలు కాలంలో షాడ్ మందలు వాగుల్లోకి ఎక్కుతాయి, వాటి వెనకే బాస్. అప్పుడు నేను తీసేది బొద్దుగా, పిల్లకాయ బుగ్గల్లా ఉండే బొమ్మని. ఆ రూపానికి పెద్దదిక్కు టెన్నెసీలోని ఓక్ రిడ్జ్‌లో ఉండిన ఫ్రెడ్ యంగ్. 1960ల చివర్లో బాల్సా చెక్కి, భారీకాయుడైన తన సోదరుడి మీద బిగ్ ఓ అని పేరు పెట్టాడు. పెదవికి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు ముక్క. అణుబాంబు యంత్రాంగం కోసం పుట్టిన ఊళ్ళో సర్క్యూట్ బోర్డుకి కరువేమిటి! అది పల్చన, గట్టిది. మోడుకి ముందు పెదవి తగులుతుంది, బాల్సా ఒళ్ళు ఠక్కున పక్కకి ఎగిరి, ఒక్క క్షణం దిక్కు తోచక మళ్ళీ సర్దుకుంటుంది. ఆ తడబాటుకే బాస్ నోరు తెరుస్తుంది. తర్వాత కాటన్ కోర్డెల్ కంపెనీ దాన్ని ప్లాస్టిక్‌లో పోసి మామూలు జనానికి అందేలా చేసింది. మంచి పనే. కానీ ప్లాస్టిక్‌వి వంద తీసినా వందా ఒకటే. చెక్కినవాటిలో ఒకటి మహారాజు, పక్కది పనికిమాలినది. ఎందుకో చెక్కినవాడికీ తెలియదు.

ఇక క్రాపీ ఎర. సీసం తలకాయ, దానికి కట్టిన నాలుగు మారబూ ఈకలు, అంతే. ఔన్సులో పదహారో వంతు, అంటే రెండు గ్రాములకి లోపు. పనితనమంతా ముడిలో ఉంది. దారం ముడి కన్నం పైభాగానికి జరిపితే ఎర నీళ్ళలో అడ్డంగా, బతికున్న చేపలా వేలాడుతుంది. ముడి ముందుకి జారిందా, తల పైకెత్తి ఉరేసుకున్నట్టుంటుంది, క్రాపీ వాసన కూడా చూడదు. ఎర ఎప్పుడూ చేపకన్నా పైనే ఉండాలి. లాగకపోయినా ఈకలు నీటి ఊపిరికే కదులుతాయి. తగిలాక మాత్రం మోటుతనం పనికిరాదు. దాని పెదాలు కాగితం, కుదిపితే చిరిగిపోతాయి. నేను చింపినవి లెక్కలేదు. వసంతంలో అది మోకాలి లోతు నీళ్ళలో దొరుకుతుంది, చలికాలంలో నలభై అడుగుల అడుగున. అంత లోతు నుంచి పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా బతకదు. అందుకే లేక్ ఫోర్క్‌లో డిసెంబర్ మొదటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, పట్టిన క్రాపీని ఎంత చిన్నదైనా తిరిగి నీళ్ళలో వేయకూడదని నియమం పెట్టారు. రోజుకి 25 క్రాపీలు కాగానే గాలం చుట్టేయాలన్నారు.

టెక్సస్‌లో ఇప్పటికీ రికార్డుగా నిలిచిన బాస్ ఇదే చెరువులో 1992 జనవరి 24న పడింది. 18.18 పౌండ్లు, ఎనిమిది కిలోల పైమాట. పట్టినాయన ఆ రోజు వెళ్ళింది క్రాపీల కోసం. గాలానికి గుచ్చింది బతికున్న చిన్న చేపని.