పాతికేళ్ల పూచీ

నెల్లూరు నుంచి అమెరికాలో కూతురికి వీడియో కాల్ చేసే తల్లి మాట ఉపగ్రహం మీదుగా వెళ్తుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ మాట ఆకాశానికి ఎక్కదు. నేలలోని ఫైబర్ వెంట చెన్నైకో ముంబైకో చేరి, అక్కడ సముద్రంలోకి దిగుతుంది. దేశాల మధ్య నడిచే డేటాలో నూటికి 95 పాళ్లకు మించి వెళ్లేది సముద్రం అడుగునే. మన బంగాళాఖాతంలో చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి గ్రేట్ నికోబార్ దాకా మరికొన్ని దీవులకూ వేసిన కేబుల్ దాదాపు 2,300 కిలోమీటర్లు. బీఎస్ఎన్ఎల్ కోసం జపాన్ కంపెనీ ఎన్ఈసీ వేసిన ఈ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అంతవరకూ పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఉపగ్రహమే దిక్కు.

ఇలాంటి కేబుల్‌కు మామూలుగా పెట్టుకునే ఆయుష్షు 25 ఏళ్లు. నెల్లూరులో ఈసీఈ చదివిన ఒక అమ్మాయి ఈ పనిలో చేరిందనుకుందాం. ఉద్యోగం మొదట్లో ఆమె చేయి పడ్డ కేబుల్, ఇంచుమించు ఆమెతోపాటే రిటైరవుతుంది. ఈలోగా దాన్ని పైకి తీసి చూడాల్సిన అవసరం ఒక్కసారీ రాకపోవడమే ఆమె పనితనానికి కొలత.

లోపలి నుంచి మొదలుపెడదాం. పూత తీసేస్తే గాజు పోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం ఇంకా సన్నం, 9 మైక్రాన్లో ఆ చుట్టుపక్కలో. పోగులు జతలుగా ఉంటాయి, ఒకటి వెళ్లడానికి, రెండోది రావడానికి. ఈ జతలన్నీ ఒక సన్నని స్టీలు గొట్టంలో, జెల్ మధ్య వదులుగా ఉంటాయి. గొట్టం కన్నా పోగును రవ్వంత పొడవుగా పెడతారు. కేబుల్ సాగినా గాజు సాగదు, ఆ రవ్వంత వదులు ఖర్చవుతుందంతే. కేబుల్ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇది. గాజుకు బలం పెంచలేరు కనుక, అసలు దానికి బరువే తెలియకుండా చేశారు.

చాలా డిజైన్లలో ఈ గొట్టం చుట్టూ ఉక్కు తీగలు పేనుతారు. వాటి మందాలు ఎలా ఎంచుతారంటే, ఒకదానికొకటి ఆనుకుని గుండ్రని కమాను కట్టినట్టు నిలుస్తాయి. మూడు కిలోమీటర్ల లోతులో నీటి ఒత్తిడి దాదాపు 300 అట్మాస్ఫియర్లు. ఎంత నొక్కితే తీగలు అంత బిగుసుకుంటాయి తప్ప లోపలి గొట్టం నలగదు. తీగల మీద రాగి తొడుగు. దానికి రెండు పనులు. కరెంటు మోయడం ఒకటి, నీటినీ హైడ్రోజన్‌నూ గాజు దాకా రానివ్వకపోవడం మరొకటి. హైడ్రోజన్ చేరితే గాజు వెలుగును మింగేస్తుంది. అన్నిటి మీదా పాలిథిన్. ఇన్ని పొరలూ కలిసి, లోతు సముద్రంలో వేసే కేబుల్ అడ్డుకొలత సుమారు 17 నుంచి 21 మిల్లీమీటర్లు.

గాజు ఎంత స్వచ్ఛమైనదైనా, 80 కిలోమీటర్లు నడిచేసరికి బయల్దేరిన వెలుగులో నూటికి అయిదు పాళ్లు మిగిలితే గొప్ప. అందుకని 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున రిపీటర్లు పెడతారు. వాటి గుండెకాయ ఎర్బియం కలిపిన కొన్ని మీటర్ల పోగు. పక్కనుంచి ఒక లేజరు దానికి శక్తి నింపుతుంటే, డేటా మోసుకొచ్చిన వెలుగు అందులోంచి సాగుతూనే బలపడుతుంది. 1988లో అట్లాంటిక్ కింద పని మొదలుపెట్టిన తొలి ఫైబర్ కేబుల్ టాట్-8లో వెలుగును విద్యుత్తుగా, విద్యుత్తును మళ్లీ వెలుగుగా మార్చాల్సివచ్చేది. ఎర్బియం ఆ గొడవ తీసేసింది. ఒక లేజరు చచ్చిపోయినా పక్కవి భారం పంచుకునేలా అమరుస్తారు. కరెంటు ఒడ్డు నుంచే వస్తుంది, ఒక ఆంపియరు చుట్టుపక్కల, వేల వోల్టుల మీద, ఆ ఒక్క రాగి తొడుగు వెంట. మరి సర్క్యూట్ పూర్తికావడానికి రెండో తీగ ఏదీ? సముద్రమే. ఒడ్డున ఎలక్ట్రోడ్లు పాతి, ఉప్పునీటినే తిరుగుదారి చేసుకున్నారు.

అసలు పనితనం అతుకు దగ్గర ఉంది. మన అమ్మాయి బల్ల ముందు కూర్చునేది అక్కడే. ముందు తొడుగులను మెట్లు మెట్లుగా వలిచి, ఉక్కు తీగలను ఇరుపక్కలా బిగింపుల్లో పట్టిస్తారు. ఇక లాగుడంతా ఆ లోహానిదే. తర్వాత రంగు చూసి ఒక్కో పోగుకు దాని జోడీని వెతకాలి. పూత తీసి, ఆల్కహాలుతో తుడిచి, చిన్న గీటు పెట్టి విరుస్తారు. గాజును కోయరు, విరుస్తారు. విరిగిన ముఖం నిటారుగా, నున్నగా రావాలి. కాస్త వాలుగా వచ్చిందా, పని మళ్లీ మొదటికే. రెండు ముఖాలనూ ఎదురెదురుగా నిలిపి, నడిమి భాగాలు ఒకే గీతలోకి వచ్చాక విద్యుత్ ఆర్క్‌తో కరిగించి కలుపుతారు. కలిసిన చోటును అప్పటికప్పుడే లాగి చూస్తారు. తెగేదైతే ఇక్కడే తెగాలి. మళ్లీ పూత పూసి, మిగిలిన వదులును చుట్టగా సర్దుతారు. ఆ చుట్ట మరీ బిగుతైతే వంపు దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. చివర పైన పాలిథిన్ అచ్చుపోసి ఎక్స్‌రే తీస్తారు. గాలి బుడగ కనిపిస్తే ఒప్పుకోరు, ఏదో ఒకరోజు ఆ వేల వోల్టులు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. ఒక్క అతుకుకు పగలంతా పట్టవచ్చు, రాత్రి కూడా. వేర్వేరు కంపెనీల కేబుళ్లనైనా కలపడానికి యూనివర్సల్ జాయింట్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. అందులో శిక్షణ పొంది, పరీక్ష నెగ్గినవాళ్లకే ఈ బల్ల.

ఫ్యాక్టరీ నుంచి ఓడలోకి కేబుల్ ఎక్కించడం ఇంకో వింత. ఓడ పొట్టలో పెద్ద గుండ్రని ట్యాంకులుంటాయి. పైనుంచి దిగే కేబుల్‌ను పట్టుకుని మనుషులు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ, వరస పక్కన వరస చేత్తో పరుస్తారు. వారాలు పడుతుంది. ఒక్క మెలిక పడినా, సముద్రం మీద కేబుల్ వదిలేటప్పుడు ఆ పాపం బయటపడుతుంది. ఈ ఓడల్లో ఆడవాళ్లు కనపడటం ఇంకా అరుదే. 2021 లెక్కల్లో ప్రపంచ నావికుల్లో మహిళలు నూటికి ఇద్దరు కూడా లేరు.

వేసేటప్పుడు ఓడ నడిచిన దూరం కన్నా కేబుల్‌ను కాస్త ఎక్కువ వదులుతారు. అప్పుడే అది అడుగున గుట్టల మధ్య వేలాడకుండా నేలను హత్తుకుని పడుకుంటుంది.

లోతు పెరిగేకొద్దీ కేబుల్ లావు కావాలని ఎవరైనా అనుకుంటారు. జరిగేది తలకిందులు. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 చోట్ల కేబుళ్లు దెబ్బతింటుంటే, అందులో ఎక్కువ భాగం వలలకూ లంగర్లకూ చిక్కినవే. భయమంతా జువ్వలదిన్నె మరబోట్లు తిరిగేలాంటి నీళ్లలో, కృష్ణపట్నం బయట ఓడలు లంగరేసేలాంటి చోట్ల. కాబట్టి ఒడ్డు దగ్గర ఒకటో రెండో వరసల ఉక్కు కవచం చుట్టి, తారు పూసి, నాగలి లాంటి యంత్రంతో సముద్రపు నేలను చీల్చి మీటరో అంతకన్నా లోతునో పూడుస్తారు. నడిసముద్రంలో ఆ కవచం అక్కర్లేదు.

అయినా తెగితే, ఒడ్డు నుంచి వెలుగు పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి చోటు లెక్కగడతారు. ఓడ అక్కడికెళ్లి కొక్కెం ఈడుస్తుంది. మూడు కిలోమీటర్లు పైకి రావడానికి కేబుల్‌లో అంత వదులు ఉండదు. అందుకని అడుగునే కోసి, ఒక కొసను పైకి తెచ్చి బోయాకు కట్టి, రెండో కొసను పట్టుకొస్తారు. మధ్యలో కొత్త ముక్క వేయాలి కనుక అతుకులు రెండు. రెండు కొసలూ నీటి పైదాకా రావాలి కదా, పని ముగిసేసరికి లోతుకు రెట్టింపు దాకా పొడవు మిగిలిపోతుంది. దాన్ని పాత దారికి పక్కగా, వంపు తిప్పి పరుస్తారు. ఆ వంపును అక్షాంశ రేఖాంశాలతో సహా పటంలోకి ఎక్కిస్తారు. తర్వాత ఎప్పుడైనా ఇదే చోటికి మరో ఓడ రావాల్సివస్తే, కొక్కెం ఎక్కడ వేయాలో చూసుకునేది ఆ గీతనుబట్టే.