ఏళ్ల గుండా నడిచే మాట: పెరెన్నియల్

ఇంగ్లీషులో పెరెన్నియల్ అనే విశేషణం తోటపని పుస్తకంలో కనిపిస్తుంది, భూగోళ పాఠంలో కనిపిస్తుంది, ఎన్నికల వార్తలోనూ కనిపిస్తుంది. రూపం ఎక్కడా మారదు. కానీ పక్కన ఏ నామవాచకం ఉందో చూసుకుని అది తన పని మార్చుకుంటుంది. ఈ నేర్పు దాని నిర్మాణంలోనే ఉంది. అందుకే ముందు ఆ మాటను విడదీసి చూడాలి.

మొదటి ముక్క పెర్. లాటిన్‌లో దానికి 'గుండా, ఆసాంతం' అని అర్థం. రెండో ముక్క అన్నుస్, అంటే సంవత్సరం. రెండూ కలిస్తే పెరెన్నిస్: ఏడాది పొడవునా ఉండేది, ఏళ్ల తరబడి నిలిచేది. మరి అన్నుస్‌లోని 'అ' ఇక్కడ 'ఎ' ఎందుకయింది? లాటిన్‌లో ఉపసర్గ వచ్చి చేరితే వెనక ఉన్న మాటలో మొదటి అచ్చు తరచూ ఇలా మారుతుంది. ఫాక్టుస్‌కు పెర్ చేరితే పెర్ఫెక్టుస్ అయింది. ఇంగ్లీషు పర్ఫెక్ట్‌కు మూలం అదే. చట్రంలో తలుపు సరిగ్గా కూర్చోవడానికి వడ్రంగి దాని అంచును చిత్రిక పట్టినట్టు, భాష అతుకు దగ్గర అచ్చును సవరించింది. ఆ సవరణ బయెన్నియల్, సెంటెన్నియల్, మిలెన్నియల్ మాటల్లోనూ కనిపిస్తుంది. బైయాన్యువల్ మాత్రం ఆన్యువల్ నుంచి ఇంగ్లీషులోనే తయారైంది కాబట్టి అందులో 'అ' అలాగే మిగిలింది. బయెన్నియల్ అంటే రెండేళ్లకోసారి, బైయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు. అంత తేడానూ రెండు అచ్చులే మోస్తున్నాయి. పెరెన్నియల్ స్పెల్లింగ్‌లో ఎన్ అక్షరం జంటగా రావడం అన్నుస్ నుంచి వచ్చిన ఆస్తి. పలికేటప్పుడు ఊనిక రెండో భాగమైన 'రెన్' మీద పడాలి.

17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాట మొక్కల దగ్గర స్థిరపడింది. ఒక్క కాలంలోనే మొలిచి, పూసి, విత్తనం పెట్టి చచ్చిపోయేది ఆన్యువల్. ఫాక్స్‌గ్లోవ్ సాధారణంగా మొదటి ఏడాది ఆకులు వేసి రెండో ఏడాది పూస్తుంది, కాబట్టి అది బయెన్నియల్. రెండేళ్లకు మించి బతికేది పెరెన్నియల్. లెక్కప్రకారం చెట్లు కూడా ఇందులోకే వస్తాయి గానీ, తోటమాలులు ఈ మాట అన్నప్పుడు ఎక్కువగా మెత్తని కాండం గల పూలమొక్కలనే ఉద్దేశిస్తారు.

ఇంగ్లండు తోటల్లో పెంచే పియొనీని చూడండి. శరత్తులో దాని కాడలు ఎండిపోతాయి, తోటమాలి వాటిని నేలమట్టానికి కోసేస్తాడు. చలికాలమంతా అక్కడ ఉత్త మట్టే కనిపిస్తుంది. మట్టి కింద దుంపవేళ్ల తలమీద ఎర్రటి మొగ్గలు కాచుకుని ఉంటాయి. అవి రెండు అంగుళాలకు మించి లోతులో ఉంటే ఆకులు వస్తాయి గానీ పూలు సరిగా రావు. చలి తగలకపోయినా అంతే. వసంతంలో ఎర్రని మొలకలు మట్టిని చీల్చుకు వస్తాయి. అంటే ఈ మొక్క ఏడాది పొడవునా కంటికి కనిపిస్తూనే ఉండదు. అణగిపోతుంది, మళ్లీ తన వేళకు లేస్తుంది.

నది సంగతి వేరు. మన పిల్లల్లో చాలామంది ఈ మాటను మొదట వినేది భూగోళ పాఠంలోనే. హిమాలయాల్లో పుట్టిన గంగకు వాన నీటితోపాటు కరిగిన మంచు నీరూ అందుతుంది. అందుకే అది పెరెన్నియల్ రివర్, మన తెలుగులో జీవనది. ఇక్కడ అణగడం, లేవడం లేవు. ఉన్నదల్లా తెగని ధార.

ఈ మాట గొప్పతనమంతా ఇక్కడుంది. దాని లోపల కాలానికి రెండు ఆకారాలున్నాయి: తిరిగి రావడం, తెగకుండా సాగడం. అమెరికా రాజకీయాల్లో హెరాల్డ్ స్టాసెన్‌ను పెరెన్నియల్ క్యాండిడేట్ అన్నారు. 1944 నుంచి 1992 మధ్య ఆయన రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం తొమ్మిదిసార్లు ప్రయత్నించారు. ఓడాక తెరమరుగై, మరో ఎన్నికల వేళకు మళ్లీ పైకి వచ్చిన ఆయనకు పియొనీ కాలమే సరిపోతుంది. ఆల్డస్ హక్స్‌లీ 1945లో ప్రచురించిన పుస్తకానికి 'ది పెరెన్నియల్ ఫిలాసఫీ' అని పేరు పెట్టారు. అన్ని మతాల అడుగునా ప్రవహించే ఒకే సత్యం గురించిన పుస్తకం అది. అక్కడ పనిచేసేది నది కాలం.

ఇక రోజువారీ వాక్యానికి వద్దాం. 'పార్కింగ్ ఈజ్ ఎ పెరెన్నియల్ ప్రాబ్లమ్ ఇన్ దిస్ స్ట్రీట్.' విశేషణం నామవాచకానికి ముందు ఆనుకుని కూర్చుంది. దానికి అత్యంత అలవాటైన చోటు అదే. చివర 'ఈ వీధిలో' అనడం వల్ల సమస్యకు వేళ్లూనుకునే నేల దొరికింది. ఎవరో వచ్చి సర్దుతారు, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఇంత కథనూ ఒక్క విశేషణం చెప్పేసింది. ప్రాబ్లమ్ బదులు ఫేవరిట్ పెడితే విసుగు పోయి ఆప్యాయత వస్తుంది: ఏళ్లు గడిచినా జనం ఇష్టపడుతున్నదని అర్థం. 'షీ ఈజ్ పెరెన్నియల్లీ లేట్' అంటే ఆమె ఇవాళ ఆలస్యమైందని కాదు, ఏళ్లుగా అదే ఆమె తీరని.

ఎక్కడ ఒదగదో తెలిస్తే దాని కొలత ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. పొద్దుటి నుంచీ వదలని తలనొప్పికి ఇది నప్పదు, కాన్‌స్టంట్ చాలు. గంటల తరబడి వినిపిస్తున్న కుక్క అరుపులకూ నప్పదు, కంటిన్యువల్ ఉంది. పెరెన్నియల్ కొలబద్ద గంటా కాదు, వారమూ కాదు, సంవత్సరం. కాబట్టి వాక్యంలో దీన్ని వాడేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ సంగతి ఏళ్లు దాటి వచ్చిందా? వస్తే, నదిలా వచ్చిందా, మొక్కలా వచ్చిందా? మొదటి ప్రశ్నకు అవునన్న జవాబు ఉంటే చాలు, రెండోదానికి ఏ జవాబు వచ్చినా ఈ మాట పనికొస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటి అతుకు ఇవాళ్టి వీధి సమస్యను కూడా ఇంత కచ్చితంగా పట్టుకుంటోందంటే, ఆ పనితనానికి గౌరవం ఇవ్వాల్సిందే.