ఇరుసుపై భారము, టైరులో గాలి

వరికోతలు ముగిసిన దినములలో గోస్పాడు నుండి నంద్యాలకు సాగు ధాన్యపు లారీలను చూచినపుడెల్ల, చూపరులు బస్తాల యెత్తునకు అబ్బురపడుచుండగా, నా దృష్టి మాత్రము టైరు నేలనంటు చోటికే దిగిపోవును. అంతటి భారములో అధికభాగమును మోయునది ఆ టైరులో బంధితమైన వాయువే కదా! 2018 జులైలో కేంద్రప్రభుత్వము సవరించిన పరిమితి ననుసరించి నాలుగు టైర్ల ఇరుసు 11.5 టన్నులు మోయవచ్చును. అనగా టైరొక్కింటికి 2,875 కిలోలు. లోపల 100 పౌండ్ల గాలి యున్నచో ఆ బరువు నిలుచు తావు సుమారు 63 చదరపు అంగుళములు, జానెడు చదరమునకు లోపే.

ముందు ఇరుసునకు 7 టన్నులు కలుపగా రెండిరుసుల లారీకి 18.5 టన్నులు చెల్లును. కాటాపై ఈ మొత్తమును చూచి తృప్తిపడువారే అధికులు. బస్తాలు వెనుకకు ఒరిగినచో మొత్తము హద్దులోనే యున్నను వెనుక ఇరుసు హద్దు దాటును, ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు సడలును. ముందు చక్రములను మాత్రమే కాటాపై నిలిపి ఒక పర్యాయము తూచినచో గుట్టు తెలియును. అమెరికాలో విహారమునకు వాడు మోటారు ఇండ్లకు సయితము ఒక్కొక్క ఇరుసు పరిమితిని వేరువేరుగా పలకపై వ్రాసియుంతురు. ఇరుసుభారము రెట్టింపైన బాటకు కలుగు హాని రమారమి పదునారు రెట్లగునని 1958–60లో ఇలినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షల ఫలితము. తడిసి ఉబ్బి, ఎండి బీటలువారు మా నల్లరేగడిపై వేసిన బాటల సంగతి చెప్పనేల?

మండువేసవిలో టైరు పగులునను భీతితో, దారిలో ఆగి గాలి వదలువారిని చూచితిని. ఇంతకంటె విపరీతమైన చికిత్స లేదు. ఉదయము 25 డిగ్రీల వద్ద 100 పౌండ్లున్న గాలి, పరుగులో 75 డిగ్రీలకు వేడెక్కినపుడు సుమారు 119 చూపుట ప్రకృతిసిద్ధము. ఆ అధికమును వదలివేసిన బండి, చల్లారిన పిమ్మట 84 పౌండ్లకు దిగజారును. గాలి చాలని టైరు ప్రక్కలు ప్రతి చుట్టునను ముడిగి లేచుచు, ఆ మర్దనము చేతనే మరింత కాగి, భయపడిన ఆపదనే తెచ్చిపెట్టును.

కావున బండి కదలకముందే, తెల్లవారుజామున గేజి పెట్టవలెను. జతటైర్లలో లోపలిదానిని తప్పక చూడవలెను; అది మెత్తబడినను బయటిది రెండింటి బరువు మోయుచు బిగువుగానే కనబడును.