సలహా ఆపుకోవడమనే విద్య

అమెరికా విశ్వవిద్యాలయాల కెరీర్ సెంటర్లలో కౌన్సెలింగ్ చదివే పీజీ విద్యార్థులు తమకంటే నాలుగైదేళ్లు చిన్నవాళ్ల ఎదుట కూర్చుంటారు. వాళ్లకు ముందుగా నేర్పేది మాత్రం నోరు కట్టుకోవడం. 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో ప్రారంభించిన ఫ్రాంక్ పార్సన్స్ సూత్రం సులువైనదే: నిన్ను తెలుసుకో, పనులను తెలుసుకో, రెండింటినీ కలిపి ఆలోచించు. సూత్రం ఒక పూటలో వంటబడుతుంది. "నాకు ఏది మంచిది?" అన్న ప్రశ్న వెనక ఇంటి అప్పుందో, లెక్కలంటే భయముందో పట్టుకునే చెవి మాత్రం అంత త్వరగా రాదు. అందుకే అక్కడి కౌన్సెలింగ్ కోర్సుల గుర్తింపు ప్రమాణాలు ప్రాక్టికమ్ అనే తొలి ఆచరణ శిక్షణకు 100 గంటలు, ఇంటర్న్‌షిప్‌కు 600 గంటలు అడుగుతాయి. వచ్చినవాళ్ల అనుమతితో సంభాషణను రికార్డు చేసి, సూపర్‌వైజర్ దాన్ని ఆపి ఆపి వినిపిస్తూ "ఇక్కడెందుకు తొందరపడ్డావు?" అని అడగడం కుమ్మరి చేతికింద మట్టి పట్టడం నేర్చుకున్నట్టే ఉంటుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల మొదట్లోనే ఇలా రికార్డులతో శిక్షణ ఇచ్చాడు.

ఉద్యోగమే చేయనివాళ్లు ఉద్యోగాల సంగతి ఏం చెబుతారన్న ఆక్షేపణ తేలికైనది కాదు. మార్కెట్ లోతుపాతులు వాళ్లకు తెలియవు, నిజమే. కానీ అనుభవశాలి తన దారినే అందరికీ చూపే ప్రమాదం ఉంది. ఆ బరువు వీళ్లకు లేదు. ఇక మనుషుల వృత్తి స్వభావాలను ఆరు రకాలుగా విడదీసిన మనస్తత్వవేత్త జాన్ హాలండ్ ప్రశ్నావళిని కంప్యూటరే దిద్దగలదు. హైదరాబాద్ నుంచి వెళ్లిన విద్యార్థికి డిగ్రీ తర్వాత దొరికే 12 నెలల ఓపీటీలో (చదువుకు సంబంధించిన పని చేసుకునే తాత్కాలిక అనుమతి) 90 రోజులు మించి ఖాళీగా ఉండకూడదన్న గడువు గుండెల మీద ఉంటే, ఆ కంప్యూటర్ చెప్పే "కళాత్మక స్వభావం"తో ఏం చేసుకోవాలి? మంచి శిక్షణ పొందినవాడు ముందు ఆ భయాన్ని మాట్లాడనిస్తాడు, వీసా చిక్కును అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి అప్పగిస్తాడు, స్వభావం సంగతి వచ్చే వారానికి ఉంచుతాడు.